రత్నమాంబ తీసిన గడియ

గోపరాజవరం,
10 నవంబరు 2024.

పూజ్యులైన మాస్టారికి,
రుచిత నమస్కారాలు.

ఉద్యోగంలో చేరి వారమైంది. ఫోన్ చేసి చెప్పొచ్చుగా అంటోంది మా అమ్మ. మీకు ఫోన్లో మాట సరిగ్గా అందదు, నాకు ఫోన్లో మాట పెగలదు. ఎదుటి మనిషి మొహం కనిపించకపోతే నా నత్తి రెట్టింపవుతుందని మీకు తెలుసు. వాట్సాప్‌లో రాద్దామంటే మీరు దాన్ని తెరిచే రకం కాదు. అందుకే ఈ కాయితం.

ఈ ఊరు ఒకప్పుడు ఒక సంస్థానానికి రాజధాని అంటే నమ్మబుద్ధి కాదు. పామర్రు దాటాక బస్సు దిగితే రెండు టీ కొట్లు, ఒక ఎరువుల షాపు, చెరుకు బళ్ళు. కాలవ వంతెన ఎక్కగానే మాత్రం కోట ఒక్కసారిగా ఎదురొస్తుంది. చుట్టూ ఉన్న పొలాలకంటే నిలువెత్తు పైన కట్టారు. జనం దీన్ని ఇప్పటికీ దివాణం అనే అంటారు. ముందు సింహద్వారం, ఆ వెనక పెద్ద వాకిలి, దర్బారు హాలు, ఇంకా వెనక రాణివాసం. పైకప్పు సగం బాగుచేశారు. రాజావారి మునిమనవడు ఉదయభాస్కర్ గారు విజయవాడలో వ్యాపారం చేస్తారు. ఆయనే ట్రస్టు పెట్టి దీన్ని మ్యూజియం చేస్తున్నారు. మార్చిలో ప్రారంభం.

నా పని వస్తువులు శుభ్రం చేయించి, ఏది ఏమిటో రాసి పెట్టడం. పల్లకీలు, బెల్జియం అద్దాలు, ఒక అంబారీ, చిలుము పట్టిన కత్తులు. వీటిలో ఏదీ నన్ను తిరిగి ప్రశ్న వేయదు. ఇక్కడ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు మాస్టారూ, అదే నాకు బాగా నచ్చింది.

సింహద్వారం పక్కన ఒక పాలరాతి పలక ఉంది. మీకు ఇష్టమని దించి పంపుతున్నాను: "కాలువ తెగి గ్రామములు మునిగినప్పుడు శ్రీ రాజా నరసింహ గోపాలరావు బహద్దరు వారు ఈ ద్వారములు తెరిపించి ప్రజల ప్రాణములు కాపాడిరి."

అమ్మగారికి నమస్కారాలు.

మీ విద్యార్థిని,
రుచిత


సత్యనారాయణపురం, విజయవాడ,
19 నవంబరు 2024.

చి. రుచితకు,
ఆశీస్సులు.

ఉత్తరం చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. పోస్ట్‌మాన్ కూడా ఆశ్చర్యపోయాడు. ఈ ఇంటికి కరెంటు బిల్లు కానిది ఏదైనా ఇచ్చి అతనికి చాలా కాలమైంది.

ఆ పలక మీద ఒక్క మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. "తెరిపించి" అన్నారు. "తెరిచి" అనలేదు. తెరిపించినవారు వేరు, తెరిచినవారు వేరు. రాజావారు ఎవరిచేత తెరిపించారు? చేత్తో గడియ తీసిన మనిషి ఎవరు? నలభై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పిన అలవాటు, అడగకుండా ఉండలేను.

మొన్న సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా మేడమీద సింగ్ నగర్ వాళ్ళు ఆరుగురు తలదాచుకున్నారు. మా వీధిలోనే ఒకాయన గేటు తీయలేదు. అందుకని, నీళ్ళు వచ్చినప్పుడు తలుపు తీయడం చిన్న సంగతి అని నేననుకోను. కనుక్కో.

ఎవరితోనూ మాట్లాడక్కర్లేదన్న నీ ఆనందం మాత్రం నాకు అర్థం కాలేదు. క్లాసులో అందరికంటే మంచి ప్రశ్నలు నీ దగ్గరుండేవి. చీటీ మీద రాసి నా బల్లమీద పెట్టి వెళ్ళేదానివి. ఆ ప్రశ్నలు నీ గొంతులో వినాలని నాకు ఎప్పుడూ ఉండేది.

అచ్యుతరామారావు


గోపరాజవరం,
14 డిసెంబరు 2024.

పూజ్యులైన మాస్టారికి,

గడియ తీసిన మనిషి దొరికింది! నిన్నటి నుంచి కాళ్ళు నేలమీద ఆనడం లేదు.

నిన్న చినలంక నుంచి ఒక పెద్దావిడ ఆటోలో వచ్చింది. పేరు పద్మావతమ్మ. ఎనభై నాలుగేళ్ళు. అయిదెకరాలు ఇంకా తనే దగ్గరుండి చేయించుకుంటుంది. కోట తలుపులు తీశారని విని, దర్బారు హాలు చూడాలని వచ్చింది. నేలమీద చతికిలబడి, రాతిని చేత్తో తడిమి, "మా అమ్మ పుట్టింది ఇక్కడేనమ్మాయ్, ఈ రాళ్ళమీదే" అంది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"కాలవ గట్టు తెగి నీళ్ళొచ్చేశాయంట. ఊళ్ళో అన్నీ మట్టి గోడలు, ఒక్కోటీ కూలిపోతన్నాయి. జనం పిల్లల్ని భుజాన వేసుకుని కోట కాడికొచ్చారు. ఎత్తుమీదున్నది ఇదొక్కటేగా! తలుపులు మూసేసున్నాయి. రాజావారు మద్రాసులో ఉన్నారు, వారి హుకుం లేనిదే తీసేది లేదన్నాడంట దివానుగారు. మా అమ్మమ్మ నిండు నెలలతో నడుంలోతు నీళ్ళలో నిలబడుంది.

"రాజావారి అన్నగారి భార్య ఒకావిడుండేది. రత్నమాంబగారు. చిన్నతనంలోనే మొగుడు పోయాడు. పిల్లాజెల్లా లేరు. ఘోషా. మగాళ్ళెవరూ ఆవిణ్ణి చూడకూడదు. ఆవిడ వస్తోందంటే మగాళ్ళంతా గోడవైపు తిరిగి నిలబడాల్సిందే. దివాణం కట్టుబాటది. జనం ఏడుపులు వినీ వినీ, ఆవిడ రాణివాసం దిగి ముందు వాకిట్లోకొచ్చేసింది, ఒక్కత్తే. కాపలావాళ్ళేం చేస్తారు? అంతా గోడవైపు తిరిగారు. దివానుగారు కూడా తిరిగాడు. ఆపాలంటే చూడాలి, చూడకూడదాయె! ఆవిడ తిన్నగా సింహద్వారం కాడికెళ్ళి, రెండు చేతులా ఇనప గడియ లాగేసింది."

ఇది చెప్పి పద్మావతమ్మ తొడ చరుచుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రాత్రే ఆవిడ తల్లి దర్బారు హాల్లో పుట్టిందట. రాణిగారి పేరే పెట్టారు. ఇంట్లో రత్తమ్మ అని పిలిచేవారట.

రాజావారు తిరిగొచ్చాక రత్నమాంబగారిని బెజవాడ పంపేశారు. ఏదో అద్దె ఇంట్లో ఉంటూ కన్నుమూశారట. పాలరాతి పలక ఆ తర్వాతే వేయించారట.

రుచిత


సత్యనారాయణపురం,
23 డిసెంబరు 2024.

చి. రుచితకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి మా ఆవిడకు చదివి వినిపించాను. కాపలావాళ్ళు గోడవైపు తిరిగారన్న చోట ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ వచ్చి కూర్చుంది. తనను కట్టిపడేసిన కట్టుబాటునే పట్టుకుని గడియ లాగేసింది ఆ మహాతల్లి!

ఇక కష్టమైన మాట. ఇది ఒక్క ఇంటి జ్ఞాపకం. ఉదయభాస్కర్ ఆధారం అడుగుతాడు, అడగాలి కూడా. రాణివాసం విధవరాలు చేసిన పని దివాణం కాగితాల్లో ఉంటుందని ఆశ పెట్టుకోకు. ఇంకోచోట వెతుకు. పద్మావతమ్మగారి తల్లికి ఆ పేరు పెట్టారంటే, ఆ రాత్రి బతికి బయటపడ్డ మిగతావాళ్ళు ఏం చేసి ఉంటారు? చుట్టుపక్కల ఊళ్ళకు వెళ్ళు. రత్తమ్మలూ రత్తయ్యలూ ఎంతమంది ఉన్నారో, ఆ పేరు ఎందుకు వచ్చిందో అడుగు. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇళ్ళలో ఒకే జవాబు వస్తే, అది చరిత్రే.

అచ్యుతరామారావు

అమ్మా రుచితా, ఇక్కడ కొంచెం జాగా ఉంటే నేను రాస్తున్నాను. ఈయన నీకు చెప్పరు. రెండో చెవి కూడా పూర్తిగా పోయింది. మిషన్ పెట్టినా లాభం లేదన్నారు డాక్టరుగారు. నేనేమన్నా చెప్పాలంటే పలకమీద రాయాలి. నువ్వు దసరాకి వచ్చినప్పుడు తలాడించింది ఊరికేనమ్మా. నీ ఉత్తరం వచ్చిన రోజు మాత్రం ఇల్లంతా తిరుగుతారు. రాస్తూ ఉండు.
త్రిపురసుందరి


గోపరాజవరం,
27 జనవరి 2025.

పూజ్యులైన మాస్టారికి,

మీరు చెప్పినట్టే తిరిగాను. చినలంక, పెదలంక, కాలవ అవతల రెండు ఊళ్ళు. పద్మావతమ్మగారు తోడు వచ్చారు. మాట అడగడం ఆవిడ వంతు, రాసుకోవడం నా వంతు. వీధిలో "రత్తయ్యా" అని కేకేస్తే ముగ్గురు తిరిగి చూశారు. అందరిదీ తాతల పేరే. "రాణిగారు గడియ తీసింది కాబట్టి మేం ఉన్నాం" అని ఒక కౌలు రైతు అన్నాడు. కాలవ అవతలి ఊరివాళ్ళకు వీళ్ళతో చుట్టరికం లేదు, రాకపోకలు కూడా తక్కువ. వాళ్ళూ అదే చెప్పారు, గోడవైపు తిరిగిన సంగతితో సహా.

ఉదయభాస్కర్ గారికి అంతా రాసి ఇచ్చాను. మర్యాదగానే చదివారు. "బాగుందండీ. కానీ గోడమీద రాయాలంటే ఊళ్ళోవాళ్ళ పేర్లు సరిపోవు. మా తాతగారు ఆ పలక చూపించి మమ్మల్ని పెంచారు. గైడు నోటిమాటగా చెప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు. రాత మాత్రం వద్దు" అన్నారు.

ఇంతకంటే విశేషాలు లేవు.

రుచిత


సత్యనారాయణపురం,
5 ఫిబ్రవరి 2025.

చి. రుచితకు,

నీ ఉత్తరం పొట్టిగా ఉంది. నీకు కోపమొచ్చినా, బాధ కలిగినా ఉత్తరాలు పొట్టిగా అవుతాయి.

ఉదయభాస్కర్ మంచి మార్గమే చూపించాడు కదా. నోటిమాటగా చెప్పవచ్చన్నాడు. మరి ప్రారంభం రోజున కోట చరిత్ర చెప్పేది నువ్వే కదా! నాకు ఎలా తెలుసంటావా? అతనూ ఒకప్పుడు నా విద్యార్థే, డిసెంబరులోనే నేను అతనికి రాశాను. ఈ కోటను గురించి మాట్లాడగలిగిన మనిషి నీ దగ్గరే ఉంది, వేరే ఎవరినీ వెతక్కు అని. తప్పకుండా మాస్టారూ అని జవాబు రాశాడు. సాధన ఎలా సాగుతోంది? నా దగ్గర దాచాల్సిన పనేముంది?

అచ్యుతరామారావు


గోపరాజవరం,
11 ఫిబ్రవరి 2025.

మాస్టారికి,

మీరా రాసింది! ఎవరు చెప్పారా అని నెల రోజులుగా అనుకుంటున్నాను.

దాచానంటున్నారు. దాచాను. జనవరిలో ఉదయభాస్కర్ గారు, ట్రస్టు కార్యదర్శి సంజీవరావు గారు దర్బారు హాల్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. "మీ గురించి గొప్పగా విన్నాం. ఒక్క పది నిమిషాలు చెప్పి చూపించండి" అన్నారు. "ఈ కోట కట్టించినది రా" దగ్గర ఆగిపోయాను. "ర" నాకు ఎప్పుడూ శత్రువే. ర, ర, ర. మెడ బిగుసుకుపోయింది. సంజీవరావు గారు కిందకి చూస్తూ కూర్చున్నారు. ఉదయభాస్కర్ గారు లేచి వచ్చి, "ఫర్వాలేదమ్మా, టెన్షన్ పడకండి. విజయవాడ నుంచి ఒక యాంకర్ చేత రికార్డు చేయిద్దాం. మీరు స్క్రిప్టు చూడండి చాలు" అన్నారు. తిట్టినా బాగుండేది. అంత మెత్తగా అనేసరికి గదికి వెళ్ళి తలుపేసుకున్నాను.

స్క్రిప్టు వచ్చింది. పలకమీద ఉన్నదే ఉంది. రత్నమాంబ పేరు లేదు. గైడు నోట చెప్పొచ్చన్నారు కదా, ఆ గైడే లేదు ఇప్పుడు. నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. ఆ సంగతి తెలుసు కాబట్టే నిద్ర పట్టడం లేదు. నన్ను అడక్కుండా మీరెందుకు రాశారు? వస్తువులతో నా మానాన నేను ఉండేదాన్ని కదా!

మీ చెవుల సంగతి మీరు మాత్రం నాకు చెప్పారా? అమ్మగారు రాస్తే తెలిసింది.

ప్రారంభం అయ్యాక ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను.

రుచిత


సత్యనారాయణపురం,
15 ఫిబ్రవరి 2025.

చి. రుచితకు,

నిన్ను అడగకుండా రాయడం నా తొందరపాటు. అందులో వాదన లేదు.

ఆదివారం మా ఇంటికి రా. నాకు కథ చెప్పు. మొదటినుంచి చివరిదాకా, నిలబడి, దర్బారు హాల్లో చెప్పినట్టు. నువ్వు ఆగినా, తడబడినా నాకు తెలియదు. నాకు ఒక్క ముక్క వినపడదు. ఇంతకంటే మంచి శ్రోత నీకు కృష్ణా జిల్లాలో దొరకడు.

పప్పుచారు, గోంగూర పచ్చడి చేస్తానని మా ఆవిడ రాయమంది.

అచ్యుతరామారావు


గోపరాజవరం,
3 మార్చి 2025.

పూజ్యులైన మాస్టారికి,

రెండు ఆదివారాలు మీ ముందు గదిలో నిలబడి అరిచాను. పక్కింటివాళ్ళు ఏమనుకున్నారో! మొదటిసారి ఎన్నిచోట్ల ఆగానో లెక్కలేదు. మీరు కుర్చీలో ముందుకు వంగి నా మొహమే చూస్తున్నారు. ఆగిన చోటల్లా మీరూ ఆగి, మళ్ళీ మొదలుపెట్టగానే తలాడించారు. రెండో ఆదివారం గడియ లాగే ఘట్టం దగ్గర నా చేతులు వాటంతట అవే లేచాయి. మీరు కుర్చీలోంచి సగం లేచారు. వినపడని మనిషిని లేపగలిగానంటే ఈ కథలో ఏదో ఉంది అనిపించింది. బస్సులో ఉయ్యూరు దాటేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను.

ఇవాళ ఉదయభాస్కర్ గారి దగ్గరకు వెళ్ళాను. మాటలు ఎలా జరిగాయో రాస్తాను.

"రికార్డింగు వద్దండీ. నేను చెప్తాను" అన్నాను. ఈ రెండు ముక్కలకే చాలాసేపు పట్టింది.

"అమ్మా, మీమీద గౌరవంతోనే అంటున్నాను. మంత్రిగారు వస్తున్నారు, అయిదు వందల మంది జనం. మధ్యలో ఆగిపోతే?"

"ఆగుతాను. తప్పకుండా ఆగుతాను. మళ్ళీ మొదలుపెడతాను. జనం ఎక్కడికీ పోరు."

ఆయన నవ్వలేదు. "ఆవిడ సంగతి కూడా చెప్తారా?"

"చెప్తాను. గోడమీద రాయొద్దన్నారు, రాయను. నోటితో చెప్పొచ్చన్నారు."

లేచి కిటికీ దగ్గరకు వెళ్ళారు. "మా తాతగారి దగ్గర ఎవరైనా ఆవిడ పేరెత్తితే లేచి వెళ్ళిపోయేవారు. ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు" అన్నారు. తర్వాత, "సరే, చెప్పండి" అన్నారు.

పదహారో తేదీ ఆదివారం, సాయంత్రం. మీరు, అమ్మగారు ముందు వరసలో కూర్చోవాలి. ఉదయభాస్కర్ గారు కారు పంపిస్తానన్నారు.

రుచిత


సత్యనారాయణపురం,
18 మార్చి 2025.

చి. రుచితకు,

ఆ సాయంత్రం నీ చుట్టూ జనం మూగిపోయారు, నీతో ఒక్క నిమిషం గడపలేకపోయాం. అందుకని నేను చూసింది రాస్తున్నాను. వినలేదు కాబట్టి నేను చూసినంత బాగా ఎవరూ చూసి ఉండరు.

మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. ఎవరెవరో మాట్లాడారు. జనం విసనకర్రల్లా కార్డులు ఊపుకుంటున్నారు. వెనక వరసల్లో పిల్లలు కుర్చీలమీద ఎక్కి దిగుతున్నారు. అప్పుడు నువ్వు వచ్చావు. నీలం చీర. మైకు చాలా ఎత్తుగా ఉంది, నువ్వే దించుకున్నావు.

మొదట్లో రెండుచోట్ల ఆగావు. నాకు తెలిసింది, ఎందుకంటే ముందు వరసలో ఎవరో పక్కవాళ్ళ వైపు చూశారు. నువ్వు ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టావు. కాసేపటికి కార్డులు ఊపడం ఆగింది. ఆ తర్వాత పిల్లలు దిగి కూర్చున్నారు. అంబారీ గురించి చెప్పినట్టున్నావు, నవ్వారు. తర్వాత నవ్వులు పోయాయి. హాలంతా ఒకేసారి ముందుకు వంగింది. నీళ్ళు వచ్చాయని నాకు అర్థమైంది.

అప్పుడు నీ నోరు ఆగిపోయింది. పెదవులు తెరుచుకునే ఉన్నాయి, మెడలో నరం ఉబ్బింది. పేరు దగ్గరకు వచ్చావని తెలిసింది. నేను కళ్ళు మూసుకున్నాను రుచితా. నా వల్లే ఈ పిల్ల ఇక్కడ నిలబడింది అనుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి పక్క వరసలో ఒక పెద్దావిడ లేచి నిలబడి ఉంది. తెల్లటి జుట్టు, నేత చీర. ఏదో అంటోంది. ఆవిడ వెనక ఒక నడివయసు మనిషి, భుజంమీద కండువా తీసి చేత్తో పట్టుకుని లేచాడు. కిటికీ దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు. మూలన ఒక ముసలాయన, కర్ర ఊతంగా. ఒక కాలేజీ పిల్ల, పక్కనున్న తల్లి చెయ్యి పట్టుకుని. హాల్లో ఎక్కడ చూసినా ఎవరో ఒకరు లేస్తున్నారు, పెదవులు కదుపుతున్నారు, మళ్ళీ ఇంకెవరో. నేనూ లేచాను. ఎందుకు లేచానో అప్పటికి నాకు తెలియదు.

మా ఆవిడ గబగబా పలకమీద రాసింది: "రత్నమాంబ. మా అమ్మ పేరు అంటోంది ఆవిడ. తాత పేరు అంటున్నాడాయన. అందరూ వాళ్ళ వాళ్ళ పేర్లు చెబుతున్నారు." సుద్ద విరిగిపోయింది.

నేను నీవైపు చూశాను. నువ్వు ఏడవలేదు. అందరూ చెప్పడం అయ్యేదాకా ఆగావు. తర్వాత మైకు దగ్గరకు వంగి, ఆ పేరు నువ్వు చెప్పావు. నీ పెదవులమీద చదివాను. పూర్తిగా, ఒక్క అక్షరం కూడా తొణక్కుండా. ఆ తర్వాత నీ రెండు చేతులూ పైకి లేచాయి, గడియ లాగడానికి. ఎదురుగా హాలంతా నిలబడే విన్నది. ఒక్కరూ కూర్చోలేదు.

ఉదయభాస్కర్ స్తంభం పక్కన ఒంటరిగా నిలబడి ఉన్నాడు. చివర్లో, మొదట లేచిన ఆ పెద్దావిడ దగ్గరకు వెళ్ళి (ఆవిడే పద్మావతమ్మగారని తర్వాత తెలిసింది), వంగి ఆవిడ పాదాలు ముట్టుకోవడం చూశాను. ఏమన్నాడో నాకు తెలియదు.

తిరుగు ప్రయాణంలో మా ఆవిడ పలక తీయలేదు. చెయ్యి పట్టుకుని కూర్చుంది.

నలభై ఏళ్ళు చరిత్ర చెప్పాను. అది జరగడం నా కళ్ళతో చూసింది ఈ ఆదివారమే.

ఆశీస్సులతో,
అచ్యుతరామారావు


గోపరాజవరం,
2 ఏప్రిల్ 2025.

పూజ్యులైన మాస్టారికి,

మీ ఉత్తరం పద్మావతమ్మగారికి చదివి వినిపించాను. "ఆయనకి వినపడదా? మరి అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆయనేగా!" అంది.

ఉదయభాస్కర్ గారు ఆవిడతో అన్నది ఇది: "మీ ఇళ్ళలో మా పెద్దమ్మ ఇంతకాలం ఉందని మాకు తెలియదమ్మా." ఆవిడ జవాబు: "మీ పెద్దమ్మేవిటి బాబూ, మా అందరి పెద్దమ్మ." పాత పలక తీసేయిద్దామన్నారు ఆయన, వద్దని నేనే చెప్పాను. అదీ జరిగిన చరిత్రే కదా, అలా రాసుకున్నారని కూడా జనానికి తెలియాలి. దాని పక్కన కొత్త రాయి లేచింది. మాటలు నన్ను రాయమన్నారు. "తెరిపించి" అని రాయలేదు మాస్టారూ. "రత్నమాంబ తన చేతులతో ఈ గడియ తీసెను" అని రాశాను. చూడ్డానికి రోజూ కాలవ అవతలి నుంచి కూడా వస్తున్నారు. ఒకాయన పుట్టిన మనవరాలిని తీసుకొచ్చి ఆ రాయి ముందు పేరు పెట్టుకుని వెళ్ళాడు. ఏం పేరో మీకు చెప్పక్కర్లేదు.

ఉద్యోగం మానడం లేదు. జీతం కూడా పెంచారు. నా పేరు కింద ఇప్పుడు "గైడు" అని రాసి ఉంది.

నిన్న మచిలీపట్నం నుంచి స్కూలు పిల్లలు వచ్చారు, రెండు బస్సుల నిండా. దర్బారు హాల్లో కింద కూర్చోబెట్టి మొదలుపెట్టాను. నీళ్ళు వచ్చాయి, జనం వచ్చారు, తలుపులు మూసి ఉన్నాయి. "ర" దగ్గర మళ్ళీ ఆగిపోయాను. ఒక కుర్రాడు కిసుక్కున నవ్వాడు. వాడి పక్కన రెండు జడల పిల్ల మోచేత్తో వాడిని పొడిచి, నావైపు తిరిగి, కళ్ళు ఇంత చేసుకుని అడిగింది: "తర్వాత ఏమైంది మేడమ్?"

చెప్పాను.

మీ,
రుచిత